అంచూరు కదిలిన ఏడాది

నమోదు 1

సరుకుల ఓడలో కొత్త గడియారం వచ్చింది. ఇక మీదట మా కొలతలు ఇదివరకటికన్నా పదిరెట్లు నిక్కచ్చిగా ఉంటాయట. అందుకని పాత నమోదులు మూసేసి ఒకటో అంకె నుంచి మళ్ళీ మొదలుపెట్టమని చంద్రుడి అవతలి వైపు నుంచి మస్తాన్‌వలి గారు కబురు పంపారు. మొదటిసారి చదివేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా రాయమన్నారు.

నా పేరు సువర్చల. గురుగ్రహం చుట్టూ తిరిగే కాలిస్టో మీద, అంచూరు అనే ఊళ్ళో రేడియో టెలిస్కోపు చూసుకుంటాను. ఊరివాళ్ళు దాన్ని గొడుగు అంటారు. వెల్లకిలా తిప్పిన గొడుగులాగే ఉంటుంది. ఇలాంటిదే ఇంకొకటి చంద్రుడి మీద మస్తాన్‌వలి గారి దగ్గర ఉంది. రెండూ ఒకే గెలాక్సీ వైపు ఒకేసారి తిరిగితే, చంద్రుడి నుంచి ఇక్కడిదాకా వెడల్పున్న ఒకే కన్నుతో చూసినట్టు. ఆ ఒకేసారిని నిక్కచ్చిగా లెక్కపెట్టేదే గడియారం.

మేం వెతికేది తన్ను తిన్న కృష్ణబిలాల కోసం. రెండు గెలాక్సీలు కలిసిపోయినప్పుడు వాటి నడిబొడ్డున ఉన్న పెద్ద కృష్ణబిలాలు కూడా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఒకటైపోతాయి. ఒకటయ్యే ఆ క్షణంలో, పేలిన తుపాకి మడమ భుజాన్ని తన్నినట్టు, కొత్త బిలానికి గట్టి తన్ను తగులుతుందని లెక్కలు చెబుతున్నాయి. అప్పుడది తన చుట్టూ మెరిసే వాయువును వెంటేసుకుని గెలాక్సీ నడిమి నుంచి బయటికి పరుగెత్తాలి. మేం నడిబొడ్డు వెలుగుతున్న గెలాక్సీలను ఒక్కొక్కటే తీసుకుని, ఆ వెలుగు చోటు మారుతోందా అని కొలుస్తాం. నాకు ముందు మా మేనమామ ఇదే పని చేశాడు. ఇంతవరకు రూఢిగా ఒక్కటీ దొరకలేదు.

చోటు మారిందని చెప్పడానికి కదలని గుర్తు ఒకటి ఉండాలి కదా. మాకు అలాంటి గెలాక్సీ ఒకటుంది. గుండ్రంగా, ఒంటరిగా, ఏ గొడవా లేకుండా ఉంటుంది. దాని పేరు మేకు. గోడకు కొట్టిన మేకు నుంచి దూరాలు కొలిచినట్టు, మిగతావన్నీ దాన్నుంచే కొలుస్తాం.

ఈ రోజు గొడుగు చక్రాల పళ్ళలో చేరిన నల్లదుమ్ము బ్రష్షుతో దులిపాను. స్నానాల వరసలో చాలాసేపు నిలబడ్డాను. తరవాత బావ దగ్గరికి వెళ్ళి గోంగూర కోశాను. బావ అంటే నా భర్త సింహాద్రి, మా మేనత్త కొడుకు. ఊరి చేపల చెరువూ దాని పక్కన ఆకుకూరల మళ్ళూ అతని చేతిలో ఉన్నాయి.

నమోదు 9

ఏదో తప్పు చేస్తున్నాను. అదేమిటో తెలియడం లేదు.

ఈ వారం చూసిన మొదటి గెలాక్సీ పడమరకు జరిగింది. చాలా కొంచెమే. అయినా జరిగింది. రెండోది చూశాను. అదీ పడమరకే, అంతే జరిగింది. మూడోదీ అంతే.

ఒకటి జరిగితే పండగ చేసుకుంటాం. మూడు కలిసి జరిగితే ఏం చేసుకోవాలి?

మస్తాన్‌వలి గారికి చెప్పాను. నా మాట ఆయనకు చేరడానికి ముప్పావుగంట, ఆయన జవాబు రావడానికి ఇంకో ముప్పావుగంట. "గడియారం కొత్తది కదమ్మా, ఇంకా కుదురుకోలేదేమో. కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అన్నారు.

నమోదు 15

గడియారాన్ని మూడు రకాలుగా పరీక్షించాను. అది బాగానే ఉంది. జాబితాలో ఉన్న గెలాక్సీలన్నీ పడమరకు జరుగుతూనే ఉన్నాయి.

చెరువు గట్టు మీద కూర్చుని గోంగూర కాడలు విరుస్తుంటే బావ అడిగాడు.

"ఏటే, అలాగున్నావు? గడియారం బాగులేదేటి?"

"గడియారం బాగానే ఉంది. చూసినవన్నీ ఒకే పక్కకి జరుగుతున్నాయి బావా."

"అన్నీనా? అయితే అన్నీ ఒకేపాలి తన్నులు తినీసినాయేటి?"

నవ్వు రాలేదు నాకు. అతను చేపలకు మేత చల్లుతూ, మాట వరసకు అన్నట్టు అన్నాడు. "బండిలో కూకున్నోడికి బయటి రాళ్ళన్నీ ఎనక్కి ఎల్తాయి. నువ్వే కదుల్తన్నావేమో సూసుకో."

చేతిలో గోంగూర అలాగే ఉండిపోయింది.

అంచూరు ఒక పెద్ద గోతి అంచున, మంచు అరుగు లోపల తొలిచిన ఊరు. ముందు వైపు నిలువు కొండచరియ. గొడుగు కూడా ఆ అరుగు మీదే పాతి ఉంది. అరుగు కదిలితే గొడుగు కదులుతుంది. గొడుగు కదిలితే ఆకాశమంతా కదిలినట్టు కనిపిస్తుంది.

లెక్క వేశాను. నెలకు దాదాపు ఒక మనిషి నిలువు పొడవు. ఆకాశం పడమరకు జరిగితే మేం జరిగేది తూర్పుకు. తూర్పు అంటే గోతి వైపు.

నమోదు 18

మస్తాన్‌వలి గారి గొంతు మారింది. చంద్రుడి నేల కదలడం లేదని భూమి నుంచి రోజూ కొలుస్తారు, కాబట్టి తప్పు ఆయన వైపు లేదు. మా అరుగు కాకపోతే, మేకే కదులుతున్నా మిగతావన్నీ ఒకే పక్కకి జరిగినట్టు కనిపిస్తాయి, నాకు దాని మీదే అనుమానం వస్తోందని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"అమ్మాయ్, మేకు జోలికి పోవద్దు. అది దేన్నీ గుద్దుకున్న ఆనవాలే లేదు. మన పటాలన్నీ దాని మీద గీసినవి. మంచు మీద కట్టిన ఊరు జారుతోందంటే నమ్ముతాను గానీ, అది జారుతోందంటే ఎట్టా నమ్మేది? మూడో గొడుగు శని దగ్గర కడుతున్నారు. అది వస్తే తేలిపోద్ది. కానీ దానికి ఇంకా చాలా టైముంది."

పై నుంచి నేలను ఫొటోలు తీసే ఉపగ్రహం కిందటేడే పాడైంది. మంచు సాగితే పసిగట్టడానికి లోపల బిగించిన తీగలు ఏమీ లేదంటున్నాయి. అవీ ఆ అరుగులోనే పాతినవి. అరుగంతా ఒక్కటిగా జారితే వాటికి మాత్రం ఏం తెలుస్తుంది?

నమోదు 20

ఎలా బయటికి పొక్కిందో, ఊరంతా తెలిసిపోయింది.

వంటశాల గోడకు బీట ఉందని ఒకరు చూపించారు. సరుకుల గది తలుపు బిగుసుకుపోతోందని ఇంకొకరు. బేసిన్లో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయంటే వెళ్ళి చూశాను. నాకూ ఒరిగినట్టే అనిపించింది. ఇంకో వైపు నుంచి చూస్తే అటు ఒరిగినట్టు అనిపించింది. నడుస్తుంటే కాళ్ళ కింద నేల మెల్లగా తూర్పుకు లాగుతున్నట్టుంది. ఇది నిజమా, నా లెక్క నా ఒంట్లోకి దూరిందా అని ఎవరిని అడగాలి?

నమోదు 22

నర్సమ్మప్ప పిలిపించింది. అప్పలనర్సమ్మ మా ఊరి పెద్ద. ఈ మంచులో మొదటి సొరంగం తవ్వినవాళ్ళలో ఆమె ఒకతె. అందరికీ అప్పే, అంటే అక్కే.

కొలతలు పరిచి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపింది.

"నాకు గెలాక్సీలొద్దే తల్లీ. ఒక్కటే సెప్పు. మన నేల కదుల్తందా?"

"కొలతలు అలాగే అంటున్నాయప్పా. నాకు మాత్రం..."

"నీకు మాత్రం ఏటి?"

"నాకు తెలియడం లేదు."

ఆమె కొలతలు మడిచి నా చేతికిచ్చి అడిగింది. "తెలీదంటే, పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టమంటావు?"

శని గొడుగు వచ్చేదాకా ఆగుదామని అనొచ్చు. ఈలోపు అరుగు విరిగితే? వెళ్ళిపోదామని అనొచ్చు. వెళ్ళడమంటే ఊరిని చంపుకోవడం. గుట్టల అవతల రేగడి క్యాంపులో చోటుంది గానీ అంతమందికి సరిపడా వేడి లేదు. మా పొయ్యిని తీసుకుపోవాలి. పొయ్యి అంటే ఊరికంతటికీ వేడీ కరెంటూ ఇచ్చే అణుయంత్రం. అది కదిలిన నాలుగు రోజులకు గొట్టాలు పగులుతాయి, గదులు గడ్డకడతాయి. మళ్ళీ వచ్చినా ఆ గదులు పనికిరావు.

"కదులుతోందనుకుని నడుచుకోవడమే మంచిదప్పా" అన్నాను. ఆ మాట నా గొంతులోంచే వచ్చింది.

"సరే" అంది ఆమె. తలుపు దాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పంపించింది.

నమోదు 25

గొలుసు చక్రాల బండ్ల మీద సామాను ఎక్కించడం అయిపోయింది. పొయ్యిని రేపు ఎక్కిస్తారు.

బావ చేపలను డ్రమ్ముల్లోకి తోడుతున్నాడు. బండ్లలో రెండు డ్రమ్ములకే చోటిచ్చారు. పెద్దవి వదిలేసి పిల్లలను పట్టుకోవడం మొదలుపెట్టాడు. నేనూ ఒక జల్లెడ తీసుకుని నీళ్ళలోకి దిగాను.

డ్రమ్ములు నిండాక గట్టు మీద కూర్చున్నాడు. చెరువులో ఇంకా వందలు ఉన్నాయి. మేత వేస్తామనుకుని పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"నువ్వు సెప్పింది నిజమైతే ఇది సిన్న నష్టమే" అన్నాడు. "నిజం కాకపోతే మాత్రం నాకు సెప్పకు."

మిగిలిన మేతంతా ఒకేసారి చెరువులో చల్లేశాడు.

నమోదు 31

రేగడి క్యాంపు. ఒక్కో గదిలో మూడు కుటుంబాలు. వరసలో నిలబడితే తప్ప ఏదీ దొరకదు.

వచ్చేటప్పుడు అరుగు చివర ఒక చిన్న బ్యాటరీ రేడియో పెట్టి వచ్చాం. అది ఆగకుండా కుయ్ కుయ్ మంటూ ఉంటుంది. అరుగు విరిగితే దాని కూత ఆగిపోతుంది. భోజనాల గదిలో స్పీకరు పెట్టారు. మొదట్లో అందరూ దాని కిందే కూర్చుని, ప్రతి కూతకూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ దాని వైపు చూడడం లేదు. అది కూస్తున్న కొద్దీ నా వైపు చూస్తున్నారు.

ఊరు విరగాలని నేను కోరుకుంటున్నానా? ఈ రోజు అన్నం తింటుండగా ఒక కూత కాస్త ఆలస్యమైంది. నా మనసు తేలికైంది. ఊరు విరిగితే నా మాట నిజమవుతుందని. కూత మళ్ళీ వచ్చాక కంచం పక్కకు నెట్టేశాను.

బావ రెండు డ్రమ్ముల చేపలనూ క్యాంపు నీళ్ళ తొట్టిలో వదిలాడు. ఆ నీళ్ళు వాటికి పడలేదు. కొన్నే మిగిలాయి.

నమోదు 44

మస్తాన్‌వలి గారి కబురు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సువర్చలమ్మా, శని దగ్గర గొడుగు అనుకున్నదానికన్నా ముందే పనిలోకొచ్చింది. మీది ఆపేశారు గనక చంద్రుడు, శని, ఈ రెండింటితోనే చూశాం. అన్నీ పడమరకే జరుగుతున్నాయి. అదే వేగం. ఇందులో మీ ఊరు లేదమ్మా. మీ నేలకు సంబంధం లేదు."

కబురు అయిపోయిందనుకుని ఆపబోయాను. మళ్ళీ ఆయన గొంతు.

"రెండు జంటల్లోనూ ఉన్నది నా గొడుగూ మేకూ. నా నేలను భూమి నుంచి మళ్ళీ కొలిపించాను, కదల్లేదు. ఇక మిగిలింది మేకే. దూరంగా ఉన్న వేరే మూడు గెలాక్సీలను గుర్తులుగా పెట్టుకుని చూస్తే, కదిలేది అదొక్కటే. మనం వెతుకుతున్నది అదేనమ్మా. అది ఎప్పుడో రెండు గెలాక్సీలుగా ఉండుంటది. గుద్దుకున్న ఆనవాళ్ళు కూడా చెరిగిపోయినంత కాలమైంది. నిన్ను ఆ రోజు మేకు జోలికి పోవద్దన్నది నేనే. ఈ మాట చెప్పేటప్పుడు సంతోషపడాలో ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, మా మేనమామ బతికి ఉంటే ఎంత పొంగిపోయేవాడో అనిపించింది. మూడోసారి, చెరువు మీద తెరుచుకున్న నోళ్ళు కనిపించాయి. నాలుగోసారి ఏ ఆలోచనా రాలేదు.

కోట్ల సూర్యుల బరువున్నది ఒకటి తన ఇంటి నడిమి నుంచి పరుగెత్తిపోతోంది. దాన్ని కదలనిదనుకుని, కదలని ఊరిని మేం ఖాళీ చేశాం.

నమోదు 45

భోజనాల గదిలో అందరి ముందూ చెప్పాను. నేల కదలలేదని, నా లెక్క తప్పని, తప్పు ఎక్కడుందో కూడా. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. వడ్డించే ఆమె రోజూలాగే నా కంచంలో అన్నం పెట్టి, పప్పు కావాలా అని అడిగింది.

బావ సగం తిన్న కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళాడు. తనకు చెప్పొద్దన్న మాట అందరితోపాటు విన్నాడు.

నర్సమ్మప్ప మాత్రం నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ బిలం ఎటు ఎల్తాది?"

"తెలియదప్పా. తన్ను చిన్నదైతే కొంత దూరం పోయి, గెలాక్సీ లాగితే వెనక్కి పడుతుంది. పెద్దదైతే ఇక తిరిగి రాదు."

"దాంతో పాటు ఏటన్నా ఎల్తాదా, ఒంటరిగానేనా?"

"దగ్గరగా తిరిగే నక్షత్రాలు కొన్ని దాని వెంటే పోతాయి. దూరంగా ఉన్నవి ఉన్నచోటే ఉండిపోతాయి."

ఆమె తల ఊపి, నా కంచంలో చల్లారిపోయిన అన్నం తినమన్నట్టు చూసింది.

నమోదు 49

భూమి నుంచి, చంద్రుడి నుంచి అభినందనలు వస్తున్నాయి. మొదటిదాన్ని పట్టుకున్న మనిషిగా దానికి పేరు పెట్టమంటున్నారు. జవాబు ఇవ్వలేదు.

క్యాంపులో వేరే మాట నడుస్తోంది. పాత గదులు పనికిరాకపోతే కొత్తవి తవ్వుకుందాం, తిరిగి వెళ్ళిపోదాం అని కొందరు. మళ్ళీ నమ్మి మళ్ళీ మోసపోతామా అని కొందరు. చివరికి అందరూ నా దగ్గరికే వచ్చారు. ఇప్పుడైనా చెప్పు, అక్కడ నేల నిలకడగా ఉందా?

ఉందని చెప్పబోయి ఆగిపోయాను. కొత్త గుర్తులు మూడు ఉన్నాయి. ఆ మూడూ కదలడం లేదని ఎవరు చెప్పాలి? మేకు విషయంలోనూ అందరం ఇంతే నమ్మకంగా ఉన్నాం. మేకు కదిలినంత మాత్రాన అరుగు కదలడం లేదని కూడా కాదు.

"చెప్పలేను" అన్నాను. "నేను ముందు వెళ్తాను. గొడుగును నడిపి, కొన్నాళ్ళు అక్కడే ఉండి చూస్తాను. చెప్పేదాకా మీరు రావద్దు."

ఒక చిన్న బండి, గొడుగును నడిపే బ్యాటరీలు, ఒక గదికి సరిపడా హీటరు ఇచ్చారు. బావ బండి దాకా రాలేదు.

నమోదు 52

అంచూరు. ద్వారం నుంచి వంటశాల దాకా లాంతరుతో నడిచాను. గోడలకు తెల్లటి మంచు గరుకుగా పట్టింది. గొట్టాలు పగిలి, పారిన నీళ్ళు పారినట్టే మెట్ల మీద గడ్డకట్టాయి. చెరువు ఒకే మంచు పలక. దాని మీద కాలు పెట్టలేకపోయాను, చుట్టూ తిరిగి వెళ్ళాను.

సరుకుల గది తలుపు కింది మడతబందు వంగి ఉంది. అందుకే బిగుసుకుపోయేది. వంటశాల గోడకు బీట ఆవిరి గొట్టం మూల నుంచే మొదలైంది. అప్పుడు ఎవరమూ అంత దగ్గరగా చూడలేదు.

గొడుగు గదిలో హీటరు పెట్టుకుని మకాం వేశాను.

నమోదు 58

మూడు గుర్తులతో, మూడు గొడుగులతో కొలిచాం. అరుగు కదలడం లేదు. ఎన్నిసార్లు కొలిచినా కదలడం లేదు.

అయినా పడుకుంటే పరుపు తూర్పుకు జారుతున్నట్టు ఉంటోంది. లేచి గోడను పట్టుకుంటాను. అంకెలు చూస్తాను. మళ్ళీ పడుకుంటాను. అంకెలను నమ్మి ఒకసారి తప్పు చేశాను. ఇప్పుడు నమ్మకుండా ఇంకొకటి చేస్తున్నానేమో.

క్యాంపుకు కబురు పంపాను. "కొలతలు బాగానే ఉన్నాయి. నాకే ఇంకా నమ్మకం కలగడం లేదు. ఇంకొన్నాళ్ళు ఆగండి." జవాబు రాలేదు. నిన్న కూడా రాలేదు.

నమోదు 61

ఈ రోజు నేల కదిలింది.

స్పేస్ సూటు వేసుకుని బయట గొడుగు చక్రాల పళ్ళు దులుపుతున్నాను. ముందు బూట్ల అడుగున సన్నటి వణుకు. నా ఊహే అనుకున్నాను. మోకాళ్ళ దాకా పాకింది. గొడుగు స్తంభానికి చెయ్యి ఆనిస్తే అదీ వణుకుతోంది. చక్రం మీది దుమ్ము దానంతట అదే జారి కింద పడింది. గాలి లేని చోట చప్పుడు రాదు కాబట్టి ఏదీ వినబడడం లేదు, వణుకు మాత్రం పెరుగుతోంది. అరుగు విరుగుతోంది. అంటే మొదట చెప్పిందే నిజం. అంటే తరవాత చెప్పింది అబద్ధం. ఆ క్షణంలో నాకు భయం కూడా సరిగ్గా పుట్టలేదు. రెండింటిలో ఏది నిజమో తేల్చుకోవాలన్న తొందరే ఉంది. స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని గోతి వైపు చూశాను. అంచు ఉన్నచోటే ఉంది.

వెనక్కి తిరిగాను. గుట్ట మలుపులో దీపాలు. ఒకటి, రెండు, వాటి వెనక ఇంకా. గొలుసు బండ్లన్నీ. నడిమి బండి మీద తాళ్ళతో బిగించిన పొయ్యి. ఆ బరువుకే మంచు వణుకుతోంది.

మొదటి బండి నా ముందు ఆగింది. అద్దం వెనక నర్సమ్మప్ప కూర్చుని ఉంది. నా వైపు చూసి చెయ్యెత్తింది, అంతే. బావ వెనక తలుపు తీసుకుని దిగాడు. నేను ఇంకా స్తంభాన్ని వదల్లేదు.

"ఆగమన్నాను కదా" అన్నాను రేడియోలో. "నేనింకా ఏమీ తేల్చలేదు."

"నువ్వు తేల్సేలోపు ముసిలోళ్ళమైపోతాం" అన్నాడు బావ. దగ్గరికొచ్చి నా చేతులను ఒక్కొక్కటే స్తంభం నుంచి విడిపించాడు. "పక్కకి జరుగు. సామాను దింపాల."

జరిగాను.